ఎండింగ్‌కు దూకించే గ్లిచ్ దొరికింది, నా పాత ట్యాస్‌ను ఏ కేటగిరీలో పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక పాత ప్లాట్‌ఫామ్ గేమ్‌కు అన్ని లెవెల్స్ ఆడుతూ ట్యాస్, అంటే పరికరాల సాయంతో స్పీడ్‌రన్, చేస్తున్నారు. పని సగం దాటాక, రెండో లెవెల్లోనే మెమరీని చెడగొట్టి నేరుగా ఎండింగ్‌కు దూకే గ్లిచ్ బయటపడింది. ఇప్పటిదాకా చేసిందంతా వృథాయేనా, 'గ్లిచ్‌లు లేకుండా' అని ఒక కేటగిరీ పెట్టి దాన్ని నిలబెట్టుకోవచ్చా, అసలు ఈ హద్దులు ఎవరు పెడతారు, టైమ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కపెట్టాలి అని అడిగారు. జపాన్ వెర్షన్ సంగతి కూడా చివర్లో అడిగారు.

ముందు సూటిగా జవాబు. వృథా కాదు, రెండూ చేయండి. గ్లిచ్‌తో ఎండింగ్‌కు దూకేదే మీ ఎనీ పర్సెంట్ రన్ (ఏ దారైనా సరే, వీలైనంత త్వరగా ఎండింగ్ చేరేది), అందులో వాదించడానికేమీ లేదు. అన్ని లెవెల్స్ ఆడేది రెండో కేటగిరీ. కానీ దానికి 'గ్లిచ్‌లు లేకుండా' అని మాత్రం పేరు పెట్టకండి. ఏది జరగకూడదో కాదు, ఏది జరిగి తీరాలో రాయండి. ఆ మాటను మీరు పక్కన లేకపోయినా ఎవరైనా ఇన్‌పుట్ ఫైల్ నడిపి సరిచూసుకోగలగాలి. 'ప్రతి లెవెల్‌నూ వరుసగా, దాని నిష్క్రమణ ద్వారం గుండానే పూర్తి చేయాలి' అన్నది అలాంటి మాట. 'పెద్ద గ్లిచ్‌లు వాడకూడదు' అన్నది కాదు.

ఈ జవాబు చదివే కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. స్పీడ్‌రన్ అంటే గేమ్‌ను వీలైనంత వేగంగా పూర్తి చేయడం, ట్యాస్ అంటే దాన్ని పరికరాల సాయంతో చేయడం. ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) గేమ్‌ను ఒక్కో ఫ్రేమ్ చొప్పున, అంటే తెర మీద ఒక్కో బొమ్మ చొప్పున, ముందుకు జరుపుతూ, ముందే దాచుకున్న సేవ్‌స్టేట్‌తో వెనక్కి వెళ్లి దిద్దుకుంటూ, ఏ ఫ్రేమ్‌లో ఏ బటన్ నొక్కాలో ఒక ఫైల్‌గా తయారు చేస్తాం. చివరికి మిగిలేది ఆ బటన్ల జాబితా. దాన్ని మొదటి నుంచి నడిపితే గేమ్ పూర్తవ్వాలి. గేమ్ కోడ్‌ను మార్చడం, చీట్ కోడ్‌లు పెట్టడం ఇందులో ఉండవు.

ఇక ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మనిషి ఆడే స్పీడ్‌రన్‌లో సగం రూల్స్‌ను వేళ్లే రాసేస్తాయి. మరీ కష్టమైన ట్రిక్‌ను ఎవరూ వాడరు కాబట్టి, అది రూల్ ప్రకారం చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నే రాదు. రూల్‌లో పది సందులున్నా బయటపడకుండా ఏళ్ల తరబడి నడిచిపోతుంది. ట్యాస్‌లో ఆ అడ్డు లేదు. రూల్‌లో సందు ఎక్కడుంటే రన్ అక్కడికి వెళ్లి తీరుతుంది. వెళ్లకపోతే ఇంకొకరు ఆ సందులోంచి దూరి మీకన్నా నాలుగు ఫ్రేమ్‌లు ముందు పూర్తి చేస్తారు, కేటగిరీ ప్రకారం అదే సరైన రన్ అవుతుంది. అందుకే మన దగ్గర రూల్ రాయడమంటే ఆ రన్‌కు ఆకారం ఇవ్వడమే.

నేను మరికొందరితో కలిసి చేసిన ఒక ప్రాజెక్ట్‌లో ఇది చాలా స్పష్టంగా కనిపించింది. 'గోడల్లోంచి వెళ్లకూడదు' అనే షరతుతో మొదలుపెట్టాం. వినడానికి చక్కగా ఉంది. ఆ గేమ్‌లో పాత్ర ఉన్న చోటు పిక్సెల్స్‌లో, ఇంకా లోతుగా సబ్‌పిక్సెల్స్‌లో, అంటే పిక్సెల్‌లోని భాగాల్లో, లెక్క ఉంటుంది. సరైన వేగంతో గోడ అంచుకు తగిలితే ఒకే ఒక్క ఫ్రేమ్ పాటు పాదం గోడలోకి ఒక పిక్సెల్ దిగుతుంది. ఆ ఫ్రేమ్‌లో గేమ్ 'పాత్ర నేల మీద ఉంది' అనుకుంటుంది. అప్పుడు జంప్ నొక్కితే గాల్లోనే ఇంకో జంప్ దొరుకుతుంది. సూపర్ మారియో బ్రదర్స్‌లో గోడ జంప్ అనేది కూడా ఇలాంటిదే. మరి ఇది గోడలోంచి వెళ్లడమా? ఒకరు కాదన్నారు, ఇంకొకరు ముమ్మాటికీ అవునన్నారు. మూడో వ్యక్తి, పిక్సెల్ పర్వాలేదు గానీ సగం శరీరం వెళ్తే ఒప్పుకోనన్నారు.

ఈలోగా ఇంకో విషయం తేలింది. అలా లోపలికి దిగిన పాత్రను గేమ్ బయటికి తోసేస్తుంది కదా, అది ఎటు తోయాలన్నది పాత్ర ముఖం ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి నిర్ణయిస్తోంది. ఆ ఒక్క ఫ్రేమ్‌లో వెనక్కి తిరిగితే గోడ అవతలికే తోసేస్తుంది. అంటే అందరూ సరేనన్న చిన్న జంప్, ఎవరూ ఒప్పుకోని గోడ దాటుడు, రెండూ ఒకే సంఘటన. మధ్యలో తేడా ఒక్క బటన్. పిక్సెల్స్ కొలిచి హద్దు పెట్టే దారే లేదు.

చివరికి గోడల మాటే తీసేశాం. గేమ్ మెమరీలో ప్రస్తుత గది నంబర్ ఉండే అడ్రస్ ఒకటుంది. ఆ నంబర్లు ఫలానా వరుసలో రావాలి, ఒక్కటీ తప్పిపోకూడదు అని రాసుకున్నాం. నంబర్ మారిన ప్రతిసారీ తెర మూలన చూపించే చిన్న స్క్రిప్ట్‌ను లూవా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఇన్‌పుట్ ఫైల్‌తో పాటు పెట్టాం. దాంతో గొడవ తీరిపోయింది. గోడ జంప్‌లు నిక్షేపంగా వాడుకున్నాం, గది లోపల గోడలు దాటడం కూడా చేశాం, గదులకు గదులు ఎగరేయడం మాత్రం పోయింది. చూసేవాళ్లకు కావలసింది కూడా అదే. వాళ్లకు అన్ని లెవెల్స్ కనిపించాలి, ఆ లెవెల్స్‌లో వింతలు ఎన్ని ఉన్నా సంతోషమే.

మీ గేమ్‌లోనూ అలాంటి అడ్రస్ ఉండే ఉంటుంది. లెవెల్ నంబర్ ఎక్కడ మారుతోందో ఎమ్యులేటర్‌లోని మెమరీ సెర్చ్‌తో వెతకండి, పెద్ద కష్టమేమీ కాదు.

నిర్వచనం ఎంత పదునుగా ఉండొచ్చో చూడాలంటే సూపర్ మారియో 64లో 'ఏ' బటన్ వీలైనంత తక్కువసార్లు నొక్కే సవాలును చూడండి. మొదటిసారి వినేవాళ్లకు 'సగం నొక్కడం' అనే లెక్క నవ్వులాటగా అనిపిస్తుంది. 2016లో దాని మీద వచ్చిన వీడియో వివరణను చాలామంది అలాగే చూశారు కూడా. నిజానికి అది చాలా నిజాయితీగా పెట్టుకున్న లెక్క. బటన్ నొక్కడంలో మూడు భాగాలున్నాయి: కిందికి నొక్కడం, పట్టుకుని ఉండడం, వదలడం. కొన్ని స్టార్‌లకు బటన్ పట్టుకుని ఉంటే చాలు, కొత్తగా నొక్కక్కర్లేదు. అలాంటప్పుడు లెవెల్లోకి రాకముందే నొక్కి పట్టుకుని రావచ్చు. ఆ స్టార్‌ను విడిగా చేస్తే ఆ నొక్కును లెక్కలో చూపించాలి. మొత్తం గేమ్‌లో అయితే ముందు వేరే పనికి నొక్కినదే ఇక్కడికీ పనికొస్తుంది. ఈ తేడాను చెప్పడానికే సగం అన్నారు. కష్టమా తేలికా, అందమా కాదా అన్న ప్రసక్తే అందులో లేదు. ఫైల్‌లో ఆ బటన్ ఏ ఫ్రేమ్‌లో ఆన్ అయిందో చూస్తే సరిపోతుంది. అన్నేళ్లుగా అంతమంది కలిసి దాని మీద పని చేయగలిగారంటే ఆ నిర్వచనమే కారణమని నా నమ్మకం.

అదే గేమ్‌లో స్టార్‌ల లెక్కలూ గమనించండి. చివరి విలన్ బౌసర్ దగ్గరికి తీసుకెళ్లే మెట్లు దాటాలంటే గేమ్ అడిగేది 70 స్టార్‌లు. ఆ మెట్ల మీద వెనక్కి దూకే గ్లిచ్ దొరికాక 16 చాలయ్యాయి. తర్వాత 1, ఆ తర్వాత 0. కొత్త గ్లిచ్ వచ్చిన ప్రతిసారీ పాత కేటగిరీని చెరిపేయలేదు, దాన్ని సంఖ్యతో నిలబెట్టారు. సంఖ్యను తెర మీదే చూసుకోవచ్చు కాబట్టి అది నిలబడింది. 'గ్లిచ్‌లు కొంచెం తక్కువ' అనే పేరు పెట్టి ఉంటే ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

హద్దులు ఎవరు పెడతారు? ఇది కొంచెం చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. పరికరాల సాయంతో రన్ చేయడం 1999 ప్రాంతంలో డూమ్ అనే షూటింగ్ గేమ్ ఆడేవాళ్ల దగ్గరే మొదలైంది. కానీ ఎక్కువమందికి తెలిసింది 2003లో మోరిమోటో అనే అతను చేసిన సూపర్ మారియో బ్రదర్స్ 3 వీడియోతో. 11 నిమిషాల ఆ రన్‌ను మనిషి మామూలుగా ఆడిందనుకుని చాలామంది నోరు వెళ్లబెట్టారు. ఎలా చేశారో తెలిశాక మోసం అని తిట్టారు. మన రంగంలో మొట్టమొదటి రూల్ అక్కడే పుట్టింది: ఇది ట్యాస్ అని ఎప్పుడూ చెప్పాలి, మనుషులు చేతితో ఆడిన రన్‌ల పట్టికలో కలపకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. ట్యాస్‌ను సొంత ఆటగా చూపించిన ప్రతి మనిషీ మిగతా అందరి పనికీ మచ్చ తెస్తాడు.

అదే ఏడాది డిసెంబర్‌లో, ట్యాస్‌లను పరిశీలించి ప్రచురించే ఇప్పటి ట్యాస్‌వీడియోస్ సైట్ మొదలైంది. అప్పట్లో రన్ వేగంగా ఉంటే చాలదు, చూడ్డానికి బాగుండాలి కూడా. గేమ్ విసుగ్గా ఉందని మంచి రన్‌లు తిరస్కరించిన రోజులున్నాయి. 2012లో 'వాల్ట్' అనే అర తెరిచాక, వినోదంతో పని లేకుండా ఎనీ పర్సెంట్, 100 పర్సెంట్ (గేమ్‌లో ఉన్నవన్నీ పూర్తి చేయడం) లాంటి సూటి లక్ష్యాలున్న రన్‌లకు చోటు దొరికింది. విచిత్రమైన లక్ష్యాలు పెట్టుకున్నవి మాత్రం చూసేవాళ్లను మెప్పించాల్సిందే. తర్వాత ఆ అరల పేర్లు మారాయి గానీ, సూటి లక్ష్యం, ప్రత్యేక లక్ష్యం అన్న ఆ విభజన ఇప్పటికీ అలాగే ఉంది.

నాకు ఆ విభజన న్యాయంగానే అనిపిస్తుంది. గేమ్ తానే పెట్టిన లక్ష్యానికి మీరు సమర్థన రాయక్కర్లేదు. మీరు సొంతంగా పెట్టుకున్న లక్ష్యాన్ని మాత్రం ఇంకొకరికి చూపించి ఒప్పించాలి. మీ అన్ని లెవెల్స్ రన్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. గేమ్‌లో ఉన్న లెవెల్స్ కాబట్టి సమర్థన తేలిక, పైగా వార్ప్‌లు (లెవెల్స్‌ను దాటేసే అడ్డదారులు) లేకుండా ఆడే రన్‌లు చాలా గేమ్‌లకు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇక మీ గ్లిచ్ లాంటివి. మెమరీని చెడగొట్టి ఎండింగ్‌కు దూకే రన్‌లను చాలామంది చిన్నచూపు చూస్తారు. 'ఆడనే లేదు, ఇదేం రన్' అంటారు. నేను ఒప్పుకోను. సూపర్ మారియో బ్రదర్స్ 3ని సెకను లోపే ముగించే రన్‌ను తీసుకోండి. ఆ కన్సోల్‌లో ఆడియో చిప్ సౌండ్ శాంపిల్ చదివే క్షణంలో కంట్రోలర్ రీడింగ్ ఒక్కోసారి తప్పుతుంది. అందుకని గేమ్ కంట్రోలర్‌ను రెండుసార్లు చదివి, రెండూ సరిపోయేదాకా మళ్లీ మళ్లీ చదువుతుంది. అంటే మనం ఒకే ఫ్రేమ్‌లో చదివిన ప్రతిసారీ వేరే బటన్లు ఇస్తే గేమ్ ఆ లూప్‌లోంచి బయటికే రాదు, మిగతా పనులు తలకిందులవుతాయి, చివరికి మనం పంపిన బటన్లే ప్రోగ్రామ్‌లా నడిచే స్థితి వస్తుంది. తప్పు రాకుండా పెట్టిన జాగ్రత్తే తలుపు తెరిచిందన్నమాట. దాన్ని కనిపెట్టడానికి గేమ్ గురించే కాదు, చిప్ గురించి కూడా ఎంత తెలియాలి! 2014 జనవరిలో ఏజీడీక్యూ అనే స్పీడ్‌రన్ ఉత్సవం వేదిక మీద, ట్యాస్‌లను ఆడించే ట్యాస్‌బాట్ అనే రోబో అసలైన కన్సోల్‌కు బటన్లు పంపి, సూపర్ మారియో వరల్డ్ లోపలే పాంగ్, స్నేక్ ఆడించింది. దాన్ని చూసినవాళ్లెవరూ 'ఏమీ ఆడలేదు' అనలేరు.

అయితే వీటికి పక్కన గుర్తు ఉండాలి, మామూలు రన్‌ను ఇవి పట్టికలోంచి తోసెయ్యకూడదు. సెకను లోపు రన్ వచ్చిందని పది నిమిషాల రన్‌ను తీసేస్తే చూసేవాళ్లు నష్టపోతారు, ఆ పది నిమిషాల రన్‌ను మెరుగుపరిచేవాళ్లూ ఆగిపోతారు. రెండు రన్‌లలో కనిపించే విషయం పూర్తిగా వేరు. కొత్త కేటగిరీకి నా పరీక్ష ఇదే: రెండింటినీ పక్కపక్కన చూస్తే ఒకదాంట్లో లేనిది రెండోదాంట్లో చాలా ఉందా? రెండింట్లోనూ తొంభై శాతం అదే ఆట అయితే, ఎంత చక్కగా నిర్వచించినా ఆ కేటగిరీ నిలవదు.

ఒక హెచ్చరిక. 'మెమరీ చెడగొట్టడం' అన్నదానికీ స్పష్టమైన అంచు లేదు. పోకెమాన్ మొదటి తరం గేమ్‌లలో సేవ్ అవుతుండగా పవర్ ఆపితే సగం రాసిన డేటా మిగులుతుంది, దాంతో జట్టులో 255 పోకెమాన్‌లు ఉన్నాయని గేమ్ నమ్ముతుంది, ఆ జాబితాలో కిందికి వెళ్తూ ఉంటే జట్టుకు సంబంధం లేని మెమరీని మార్చేయొచ్చు. ఇది చెడగొట్టడమేనని అందరూ ఒప్పుకుంటారు. మరి జెల్డా గేమ్ ఒకరినా ఆఫ్ టైమ్‌లో ఒక తలుపు గుండా వెళ్లి ఇంకెక్కడో తేలే రాంగ్ వార్ప్? అక్కడ గేమ్ తన సొంత పట్టికలోనే తప్పు వరుస చదువుతోంది. ఈ రెంటి మధ్య గీత గీయడానికి కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే మళ్లీ అదే చెబుతున్నాను, దారిని నిషేధించకండి, చేరవలసిన మజిలీలను రాయండి.

టైమ్ గురించి. ట్యాస్‌వీడియోస్ పద్ధతిలో పవర్ ఆన్ చేసిన క్షణం నుంచి చివరి బటన్ నొక్కే దాకా లెక్క. మనుషుల రన్‌లకు ప్రతి గేమ్‌కూ వేరే పద్ధతి. ఇది తెలియక ఎంత గందరగోళమో! సూపర్ మారియో బ్రదర్స్‌లో మనుషులు 4:54 స్థాయికి వచ్చారు, ట్యాస్‌వీడియోస్‌లో పెట్టిన ట్యాస్ టైమ్ 4:57.31. 'మనిషి మెషీన్‌ను ఓడించాడు' అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మనుషుల గడియారం మొదటి లెవెల్ తెర మీదికి వచ్చాక మొదలై, చివర్లో గొడ్డలి తగిలినప్పుడు ఆగుతుంది. టైటిల్ స్క్రీన్ సమయం అందులో లేదు. ఒకే గడియారంతో కొలిస్తే ట్యాసే ముందుంటుంది. మీ వివరణలో రెండు లెక్కలూ రాయండి, చదివేవాళ్లకు మేలు.

చివరి బటన్ దగ్గర లెక్క ఆపడంలో ఒక చిక్కుంది. చివరి బాస్‌ను దూరం నుంచి ఒక్క ఆయుధం విసిరి వదిలేస్తే, అది గాల్లో తేలుతూ వెళ్లి తగిలే దాకా మీరేమీ నొక్కరు. ఇన్‌పుట్ ముందే అయిపోయింది కాబట్టి రన్ 'చిన్నది', కానీ ఎండింగ్ మాత్రం ఆలస్యంగా వస్తుంది. దగ్గరికి వెళ్లి కొడితే ఎండింగ్ త్వరగా వస్తుంది, ఇన్‌పుట్ పొడుగవుతుంది. ఏది వేగం? నా ఓటు గేమ్ త్వరగా పూర్తయ్యే దానికే. తేడా కొద్ది ఫ్రేమ్‌లే అయితే పట్టించుకోను. ఏది ఎంచుకున్నా ఎందుకో రాయండి, రాయకపోతే తర్వాత వచ్చేవాళ్లు మీకు తెలియక చేశారనుకుంటారు.

గేమ్ లోపలి గడియారం ఉంటే ఇంకో తంటా. మొదటి సోనిక్ గేమ్‌లో లెవెల్‌ను 30 సెకన్ల లోపు ముగిస్తే 50,000 పాయింట్ల బోనస్, 30 దాటి 45 లోపు అయితే 10,000. లెవెల్ చివర ఆ బోనస్ కొద్దికొద్దిగా స్కోరులో కలిసేదాకా ఆగాల్సిందే. అంటే లెవెల్ వేగంగా ముగిస్తే అసలు సమయం కొన్ని సెకన్లు పెరిగే పరిస్థితి! మరి గీత దగ్గర నిలబడి 30 దాటేదాకా ఎదురుచూడాలా? చూసేవాళ్లకు అది చాలా వెగటుగా ఉంటుంది. సోనిక్ ట్యాస్‌లు చేసేవాళ్లు లోపలి గడియారాన్నే లెక్కలోకి తీసుకుంటూ వచ్చారంటే ఇదే కారణం. మీ గేమ్‌లో అలాంటి బోనస్ లెక్కింపు ఉందో లేదో ముందే చూసుకోండి. ఏ గడియారమో తేల్చుకోకుండా మొదలుపెడితే మధ్యలో మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. డీ-ప్యాడ్‌లో (కంట్రోలర్ మీద దిక్కుల బటన్) ఎడమ, కుడి కలిపి నొక్కడం ట్యాస్‌లో సాధారణంగా చెల్లుతుంది. ప్యాడ్ ఆకారం అడ్డుకుంటుంది గానీ కన్సోల్ ఆ సిగ్నల్‌ను తీసుకుంటుంది. మనుషుల పట్టికల్లో మామూలుగా ఒప్పుకోరు. జెల్డా 2లో దీంతో వచ్చే వేగం చూస్తే ఎందుకు కట్టడి చేశారో తెలుస్తుంది. ముందే సేవ్ ఉన్న ఫైల్‌తో మొదలుపెట్టాలంటే, ఆ సేవ్ ఎలా వచ్చిందో చూపించే ఇంకో ఇన్‌పుట్ ఫైల్ కూడా ఇవ్వాలి. ఎమ్యులేటర్ విషయంలో పాతవాటి జోలికి పోకండి, బిజ్‌హాక్ లాంటి నమ్మకమైన దాంట్లో చేయండి. మీది మెమరీ చెడగొట్టే గ్లిచ్ కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఎమ్యులేటర్ తప్పు వల్ల పనిచేసిన గ్లిచ్‌ను ఎవరూ అంగీకరించరు. పవర్ ఆన్ అయినప్పుడు మెమరీలో ఏ విలువలున్నాయన్న దాని మీద మీ గ్లిచ్ ఆధారపడి ఉందేమో కూడా చూడండి. ఆధారపడితే దాన్ని దాచకుండా వివరణలో మొదటే చెప్పండి. వీలైతే అసలు కన్సోల్ మీద ఆడించి చూపించమని ఆ పరికరాలున్నవాళ్లను అడగండి, ఈ పని ఇష్టంగా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

జపాన్ వెర్షన్ వాడొచ్చు. కానీ అక్కడ డైలాగ్ బాక్స్‌లు తొందరగా అయిపోవడం వల్ల మిగిలిన సమయాన్ని మీ మెరుగుదల కింద లెక్కలో వేసుకోకండి, ఎవరూ ఒప్పుకోరు. పాత రన్‌తో పోల్చేటప్పుడు ఆ తేడాను తీసేసి, ఆటలో ఎన్ని ఫ్రేమ్‌లు తగ్గాయో లెవెల్ వారీగా పట్టిక ఇవ్వండి. గ్లిచ్ ఆ వెర్షన్‌లోనే పనిచేస్తే మాత్రం సందేహమే లేదు, ఎనీ పర్సెంట్‌కు అదే తీసుకోండి. అన్ని లెవెల్స్ రన్‌ను ఇప్పటిదాకా ఏ వెర్షన్‌లో చేశారో అందులోనే పూర్తి చేయండి. వెర్షన్ మారితే టైమింగ్ మారి, యాదృచ్ఛికంగా కదిలే శత్రువులు వేరేగా వస్తారు, సగం దాకా చేసిన ఫైల్ మొదటి లెవెల్లోనే తప్పిపోతుంది. యూరప్ వెర్షన్ అయితే అసలు వద్దు. అది సెకనుకు 60 బదులు 50 ఫ్రేమ్‌లతో నడుస్తుంది, ఫ్రేమ్‌లను ఫ్రేమ్‌లతో పోల్చే వీలే ఉండదు.